కెమెరా వంచకుండా కృష్ణా తీరం: మీడియం ఫార్మాట్ టెక్నికల్ కెమెరా, వైడ్ లెన్సులతో ల్యాండ్‌స్కేప్ తీసే పద్ధతి

ఫిబ్రవరి నెలాఖరు. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డు పక్కన ఒక మిర్చి కళ్లం. స్టాండు వేసి కెమెరా మీద రసమట్టం చూసుకుంటుంటే, కళ్లానికి కాపలా ఉన్న పెద్దాయన దగ్గరికొచ్చారు.

"ఏం అబ్బాయ్, సర్వేనా? ఈసారి రోడ్డు ఎవరి పొలంలోంచి పోతంది?"

"సర్వే కాదు బాబాయ్, ఫొటో."

ఆయన నమ్మలేదు. రాజధాని చుట్టుపక్కల ఊళ్లలో మూడు కాళ్ల స్టాండు కనపడితే ముందు గుర్తొచ్చేది భూమి కొలతే. నిజానికి ఆయన పోలిక సరైనదే. టెక్నికల్ కెమెరాతో చేసే పనిలో ముప్పాతిక వంతు కొలతే. మట్టం చూడాలి, ఎత్తు కొలవాలి, దూరం కొలవాలి, జరపాలి, రాసుకోవాలి. బటన్ నొక్కడం అన్నిటికన్నా ఆఖరు.

మన నేలకు ఈ కెమెరా ఎందుకు సరిపోతుందో ముందు చెప్తాను. డెల్టా చదునుగా ఉంటుంది. దిగంతం గీత గీసినట్టు ఉంటుంది. ఆ చదునులోంచి ఇంద్రకీలాద్రి, ఉండవల్లి గుట్ట, మంగళగిరి కొండ ఉన్నట్టుండి లేస్తాయి. వైడ్ లెన్సు పెట్టి కెమెరాను కాస్త పైకెత్తితే కొండ వెనక్కి వాలిపోతుంది, తాటిచెట్లు ఒకదాని మీదికొకటి ఒరుగుతాయి. కాస్త కిందికి దించితే ఆ చెట్లే పైకి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. తర్వాత కంప్యూటర్లో సరిచేయవచ్చు కానీ, అలా చేసినప్పుడల్లా అంచుల్లో పిక్సెళ్లు సాగుతాయి, ఫ్రేమ్ కోసుకుపోతుంది. టెక్నికల్ కెమెరాలో కెమెరాను వంచం, లెన్సును జరుపుతాం. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క అలవాటు గురించే.

సామాను

టెక్నికల్ కెమెరా అంటే ముందు లెన్సు, వెనుక డిజిటల్ బ్యాక్ (35 ఎం.ఎం. కన్నా పెద్దదైన మీడియం ఫార్మాట్ సెన్సర్ ఉండే పెట్టె), మధ్యలో సన్నటి లోహపు చట్రం. లోపల అద్దం ఉండదు, ఆటోఫోకస్ ఉండదు. చట్రంలోని మరలు తిప్పితే లెన్సుగానీ బ్యాక్‌గానీ పైకీ కిందికీ, పక్కలకీ మిల్లీమీటర్ల లెక్కన జరుగుతాయి. ఆల్పా, కాంబో, ఆర్కా-స్విస్, లిన్‌హాఫ్ ఈ రకం కెమెరాల్లో పేరున్నవి. ఫేజ్ వన్ 2019లో ఎక్స్‌టీ అనే కెమెరాను తెచ్చింది.

లెన్సుల్లో ప్రధానంగా రెండు వంశాలున్నాయి. రోడెన్‌స్టాక్ వారి హెచ్‌ఆర్ డిజరాన్, ష్నైడర్ వారి డిజిటార్. డిజరాన్‌లో వైడ్ లెన్సులు రెట్రోఫోకస్ డిజైన్, అంటే వెనుక గాజు సెన్సర్‌కి దూరంగా ఉంటుంది, కాంతి అంచుల్లో కూడా మరీ ఏటవాలుగా పడదు. డిజిటార్‌లో వైడ్‌లు దాదాపు సిమెట్రికల్, అంటే ముందూ వెనుకా గాజుల అమరిక ఒకేలా ఉంటుంది. చిన్నగా తేలిగ్గా ఉంటాయి, గీతలు గీతల్లాగే వస్తాయి, కానీ వెనుక గాజు సెన్సర్‌కి దగ్గరగా ఉండటంతో అంచుల్లో రంగు మారుతుంది, వెలుగు పడిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా రోడెన్‌స్టాక్ 40 లేదా 32 మి.మీ. ఒక్క లెన్సుతో ఏడాదిపాటు తీయండి. రెండోది అప్పుడు చూసుకోవచ్చు.

సెన్సర్ కొలత మీద లెన్సు వెడల్పు మారుతుంది. 54×40 మి.మీ. సెన్సర్ మీద 32 మి.మీ. లెన్సు, 35 ఎం.ఎం. కెమెరా లెక్కలో దాదాపు 20 మి.మీ. లాంటిది. 44×33 సెన్సర్ మీద అదే లెన్సు 25 మి.మీ. లాంటిది, 40 మి.మీ. లెన్సు 32 లాంటిది. ఇక్కడినుంచి నేను చెప్పే అంకెలన్నీ 44×33 సెన్సర్‌కి, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లకి, 90 మి.మీ. ఇమేజ్ సర్కిల్ (లెన్సు వెనుక పడే గుండ్రటి బొమ్మ అడ్డుకొలత) ఉన్న లెన్సుకి.

అంత ఖర్చు పెట్టలేనివారికి దారి మూసుకుపోలేదు. ఫ్యూజీ 2023లో ప్రకటించిన జీఎఫ్ 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ లెన్సు 15 మి.మీ. జరుగుతుంది, 8.5 డిగ్రీలు వంగుతుంది. 15 మి.మీ. మించి జరపడం తప్ప కింద చెప్పే పద్ధతంతా దానికీ వర్తిస్తుంది. మామూలు మిర్రర్‌లెస్ బాడీని టెక్నికల్ కెమెరా వెనుక బిగిద్దామనుకుంటే మాత్రం ఒక్కటి చూసుకోండి. బాడీ మందం వల్ల సెన్సర్ లోపలికి ఉండిపోతుంది కాబట్టి బాగా వైడ్ లెన్సుల్లో కొన్ని ఇన్ఫినిటీకి (అనంత దూరానికి) ఫోకస్ కావు. కొనేముందు మీ బాడీతోనే పెట్టి చూపించమనండి. టిల్ట్ (లెన్సు వంగే ఏర్పాటు) సంగతి కూడా అడగండి. కొన్ని కెమెరాల్లో అది బాడీలోనే ఉంటుంది, కొన్నింట్లో లెన్సు ప్లేటుతో కలిపి కొనాలి, తర్వాత విడిగా అమర్చడం కష్టం.

సంచీలో ఇంకా ఉండాల్సినవి: గేర్లున్న స్టాండు తల, చేతిలో పట్టే లేజర్ దూరమాపకం, పాలరంగు అక్రిలిక్ పలక, కొలత టేపు, నోటుపుస్తకం, పెన్సిల్. పెన్ను వద్దు, ఏప్రిల్ ఎండకి కారుతుంది.

ఇన్ఫినిటీని మీరే పరీక్షించండి

ఇది చేయకుండా ఫీల్డుకి వెళ్లకండి. నేను వెళ్లి మూడు నెలలు పోగొట్టుకున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో ఒక 40 మి.మీ. లెన్సు కొన్నాను. అమ్మినాయన అంతా సెట్ చేసి ఉందన్నారు. ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెట్టి తీసిన ప్రతి ఫొటోలో దూరపు కొండలు మెత్తగా వచ్చేవి. మంచు అనుకున్నాను, వేడిగాలి అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆ గుర్తు దగ్గర లెన్సు నిజంగా ఫోకస్ అవుతున్నది 12 మీటర్ల దూరానికి. ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని దూరంతో భాగిస్తే తేడా వస్తుంది: 1600ని 12,000తో భాగిస్తే 0.13 మి.మీ. జెరాక్స్ కాగితం మందం కంటే కాస్త ఎక్కువ. అంత సన్నటి తేడా నదికి అవతలి ఒడ్డునంతా చెరిపేసింది.

పరీక్ష తేలికే. సీతానగరం ఒడ్డున నిలబడి, తెల్లవారి గాలి చల్లగా ఉన్నప్పుడు, నది అవతల కొండ మీది దుర్గమ్మ గుడి గోపురాన్ని చూడండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, లైవ్ వ్యూలో నూరు శాతానికి పెంచి, గోపురం బొమ్మల అంచులు ఎక్కడ బాగా పదునుగా కనపడతాయో చూడండి. అక్కడ రింగు మీద ఏ గీత ఉందో రాసుకోండి. ఐదుసార్లు చేయండి, ప్రతిసారీ రింగును అటు చివరకీ ఇటు చివరకీ తిప్పి తెచ్చి. ఐదూ ఒకే చోట పడితే అదే మీ ఇన్ఫినిటీ. అది కంపెనీ గుర్తు మీద లేకపోతే బ్యాక్ అడాప్టర్‌లో పల్చటి షిమ్ రేకులు వేసి సరిచేయించుకోవచ్చు, లేదా తెల్ల రంగుతో మీ గుర్తు మీరే పెట్టుకోవచ్చు. నేను రెండోది చేశాను.

తర్వాత 5, 10, 20 మీటర్ల దగ్గర కూడా లేజర్‌తో కొలిచి ఇదే చేయండి. తెల్లవారుజామున తెర మీద ఏమీ కనపడనప్పుడు ఈ గుర్తులే దిక్కు.

పొద్దు ఎటు, నది ఎటు

విజయవాడ దగ్గర కృష్ణ పడమటి నుంచి తూర్పుకి పోతుంది. ప్రకాశం బ్యారేజీ దానికి అడ్డంగా, ఉత్తరాన విజయవాడ నుంచి దక్షిణాన సీతానగరం దాకా ఉంటుంది. కాబట్టి పైవైపు నిండు నీళ్ల మీద పొద్దు గుంకుతుంది, కిందివైపు ఇసుక తిన్నెల మీద పొద్దు పొడుస్తుంది. ఇక్కడి అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. డిసెంబరు చివర్లో సూర్యుడు నేరు పడమరకి సుమారు ఇరవై నాలుగున్నర డిగ్రీలు దక్షిణంగా గుంకుతాడు, జూన్ చివర్లో అంతే ఉత్తరంగా. అంటే ఏడాదిలో దాదాపు 49 డిగ్రీల మేర జరుగుతాడు. 40 మి.మీ. లెన్సు అడ్డంగా పట్టేది 57 డిగ్రీలు. ఫ్రేమ్ కదపకుండా సూర్యుణ్ని కుడి అంచు నుంచి ఎడమ అంచుకి తీసుకెళ్లేది క్యాలెండరే.

సీతానగరం ఒడ్డు నుంచి ఉత్తరంగా ఇంద్రకీలాద్రి వైపు చూస్తే చలికాలంలో సూర్యుడు ఫ్రేమ్‌లోకి రాడు. ఉదయం కుడి నుంచి, సాయంత్రం ఎడమ నుంచి పక్క వెలుగు పడి కొండ రాళ్లు విడివిడిగా కనపడతాయి. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

బ్యారేజీ మీద నిలబడి దీర్ఘమైన ఎక్స్‌పోజర్ చేయవద్దు. బండ్లు పోతుంటే వంతెన కంపిస్తుంది, ఆ వణుకు స్టాండు కాళ్లలోంచి ఎక్కి వస్తుంది. పైగా అది భద్రత ఉన్న చోటు, స్టాండు తీస్తే పోలీసులు వచ్చి అడుగుతారు. ఒడ్డే మేలు.

మట్టం

స్టాండు కాళ్లు సర్దడంతోనే కెమెరా దాదాపు మట్టానికి రావాలి. తలతో చివరి సవరణ మాత్రమే. గుండ్రటి బుడగను నమ్మవద్దు. అర డిగ్రీ తేడా అందులో కనపడదు, నది గీతలో మాత్రం స్పష్టంగా కనపడుతుంది. రెండు పొడవు బుడగలు ఉన్న రసమట్టం గానీ బ్యాక్‌లోని ఎలక్ట్రానిక్ మట్టం గానీ చూడండి. అడ్డంగా సున్నా, నిలువుగా సున్నా. ఇది కుదిరాక తల మరలన్నీ బిగించేసి చేయి తీసేయండి. ఇక కంపోజిషన్ అంతా రైజ్ (లెన్సును పైకి జరపడం), ఫాల్ (కిందికి జరపడం), షిఫ్ట్ (పక్కకి జరపడం), ఈ మూడింటితోనే.

ఇసుకలో అయితే కాళ్ల కింద మూడు చిన్న చెక్కముక్కలు వేయండి. రెండు నిమిషాలాగి మట్టం మళ్లీ చూడండి, దిగబడి ఉంటుంది.

రైజ్: ఉండవల్లి గుహల ముందు

ఉండవల్లిలో కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచారు. ముందు నిలబడి మామూలు వైడ్ లెన్సుతో పైకెత్తి తీసిన ఫొటోలు వేలల్లో చూసి ఉంటారు. అన్నిట్లో పై అంతస్తు వెనక్కి పడిపోతుంటుంది. ఆ కట్టడం బరువు, నేల మీద దాని నిలకడ పోతాయి.

గుహల ముఖం నుంచి 15 మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటర్ల ఎత్తులో, 32 మి.మీ. లెన్సు పెట్టారనుకుందాం. కెమెరా మట్టంగా ఉంటే ఫ్రేమ్ పై అంచు నేల నుంచి 9 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 15 మి.మీ. రైజ్ ఇస్తే 16 మీటర్ల దాకా వెళ్తుంది, కానీ మెట్ల పాదం కింద కోసుకుపోతుంది. 12 మి.మీ. ఇస్తే పైన దాదాపు 15 మీటర్లు, కింద పాదం కూడా ఉంటుంది. లెక్క ఏమంత కష్టం కాదు. లెన్సు నడిమి నుంచి ఫ్రేమ్ అంచు ఎన్ని మిల్లీమీటర్లో చూసి, దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, దూరంతో గుణించాలి. కొత్తలో ఆశకొద్దీ రైజ్ ఎక్కువ ఇస్తాం. పాదాలు లేని గోడ గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. ముందు కింది అంచు చూసుకోండి, పైది ఎంత వస్తే అంత.

ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుహలు. స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోండి. లోపల పవళించిన అనంతపద్మనాభుణ్ని తీయాలనుకుంటే అక్కడి సిబ్బందిని, భక్తులను అడిగాకే.

ఫాల్, టిల్ట్: మిర్చి కళ్లం

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టూ పొలాల్లో కోసిన మిరపకాయలు ఆరబోస్తారు. నేల కనపడకుండా ఎర్రగా, చివర తాటిచెట్లు, పైన ఆకాశం. మన కాలి ముందున్న కాయ ముడతల నుంచి దూరపు తాటిమట్టల దాకా అన్నీ షార్ప్‌గా కావాలి.

మామూలు పద్ధతిలో ఏమవుతుందో చూడండి. 40 మి.మీ. లెన్సు, ఎఫ్/11, 0.015 మి.మీ. కచ్చితత్వం (సెన్సర్ మీద ఒక చుక్క అంతకన్నా పెద్దగా విచ్చుకోకూడదని) పెట్టుకుంటే హైపర్‌ఫోకల్ దూరం 9.7 మీటర్లు. అక్కడ ఫోకస్ పెడితే దాదాపు 4.9 మీటర్ల నుంచి అవతల అంతా షార్ప్. ముందున్న కాయలు పోయాయి. ఎఫ్/22కి మూస్తే 2.4 మీటర్ల దాకా వస్తుంది గానీ, డిఫ్రాక్షన్ (సన్నటి కంతలోంచి వచ్చే కాంతి చెదరడం) వల్ల ఒక్కో కాంతి చుక్క 30 మైక్రాన్ల దాకా విచ్చుకుంటుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్ పెట్టుకుని అలా తీస్తే కొన్న పదునంతా మన చేతులతో మనమే పారబోసినట్టు. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్యే ఉండండి.

టిల్ట్ చేసేది ఇదే. లెన్సును కాస్త ముందుకు వంచితే ఫోకస్ తలం (షార్ప్‌గా వచ్చే పొర) నిలువుగా నిలబడకుండా నేల మీద చాపలా పరుచుకుంటుంది. ఎంత వంచాలి అన్నదానికి సూత్రం ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను 57తో గుణించి, నేల నుంచి లెన్సు ఎత్తుతో భాగించండి, రెండూ మిల్లీమీటర్లలో. 40 మి.మీ. లెన్సు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే 1.5 డిగ్రీలు. ఒక మీటరు ఎత్తులో 2.3. 32 మి.మీ. లెన్సుకి అదే మీటరు ఎత్తులో 1.8. ఇంత తక్కువా అని అనుమానం వస్తుంది. వైడ్ లెన్సుకి ఇంతే చాలు. ఐదు డిగ్రీలు వంచేసి, తర్వాత ఫోకస్‌తో కుస్తీ పట్టేవారిని చాలామందిని చూశాను.

ఇక వరసగా చేయండి.

కెమెరా మట్టం చేసి, 10 మి.మీ. ఫాల్ ఇవ్వండి. దిగంతం ఫ్రేమ్ పైభాగానికి వెళ్తుంది, పైన ఆరున్నర మి.మీ. మిగులుతుంది, కింద 2.3 మీటర్ల దూరంలోని కాయల దాకా కనపడుతుంది. కెమెరా వంచలేదు కాబట్టి తాటిచెట్లు నిటారుగానే ఉంటాయి.

టేపుతో నేల నుంచి లెన్సు నడిమికి ఎత్తు కొలవండి. టిల్ట్ లెక్కగట్టి మర తిప్పండి, బిగించండి.

ఫోకస్ రింగును మీరు పరీక్షించి పెట్టుకున్న ఇన్ఫినిటీ గుర్తు దగ్గర ఉంచండి. ఇప్పుడు తలం సరిగ్గా నేల మీద ఉంటుంది.

ఆగండి, తాటిచెట్లు మర్చిపోవద్దు. టిల్ట్ పెట్టాక షార్ప్‌గా ఉండే మేర దగ్గర సన్నగా, దూరం పోయేకొద్దీ లావుగా, చెక్కిన మేకులా ఉంటుంది. ఎఫ్/11 దగ్గర పది మీటర్ల దూరంలో తలానికి పైనా కిందా ఒకటిన్నర మీటర్లు, వంద మీటర్ల దగ్గర పదిహేను మీటర్లు. వంద మీటర్ల దూరంలోని పదిహేను మీటర్ల తాడి తల సరిగ్గా ఆ అంచు మీద ఉంటుంది. అందుకని ఫోకస్ రింగును ఇన్ఫినిటీ నుంచి 20 మీటర్ల గుర్తుకి తిప్పండి. తలం ముందుకు పోయేకొద్దీ పైకి లేచి, వంద మీటర్ల దగ్గర చెట్టు నడుము గుండా పోతుంది. నేల కాయలూ ఉంటాయి, తాడి తలా ఉంటుంది. అదే ముప్పై మీటర్లలో చెట్టు ఉంటే దాని తల దక్కదు. స్టాండు ఎత్తుకుని ఇంకోచోటికి నడవాలి. కొన్నిసార్లు జవాబు మరల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది.

లైవ్ వ్యూలో మూడు చోట్ల నూరు శాతానికి పెంచి చూడండి: కింది అంచు కాయ, నడిమి కాయలు, చెట్టు తల. మూడూ ఒకేసారి కుదరకపోతే ముందు ఫోకస్ రింగు కదపండి, ఆ తర్వాతే టిల్ట్.

ఆ రోజు ఇలా చూస్తుంటే పెద్దాయన నా భుజం మీదుగా తెరలోకి వంగారు. 2.3 మీటర్ల దూరంలోని ఎనిమిది సెంటీమీటర్ల కాయ సెన్సర్ మీద 370 పిక్సెళ్ల పొడవుంటుంది, తొడిమ మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. ఆయన చూసింది గీతలు కాదు. "అదుగో తాలు కాయ" అని వెళ్లి, సరిగ్గా ఆ పాలిపోయిన కాయను ఏరి దూరంగా పారేసి వచ్చారు. తర్వాత సర్వే మాట ఎత్తలేదు. ఇంకో పట్టా కూడా పరిపించనా అని అడిగారు.

ఎరుపు దగ్గర జాగ్రత్త

కళ్లంలో మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు పంపకం చూపే గ్రాఫు) బాగానే కనపడుతుంది, ఎర్ర చానెల్ మాత్రం అప్పటికే తెగిపోయి, అంటే వెలుగు ఎక్కువై వివరం పోయి ఉంటుంది. ఎరుపు తెగితే కాయల మీది ముడతలు, మెరుపు పోయి రంగు పూసిన అట్టలా వస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడిగా పెట్టుకుని, ఎర్ర గీత కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. నాకు సాధారణంగా మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించాల్సి వస్తుంది. పొద్దెక్కాక తీయడమే వద్దు. తెల్లారిన గంటలోపు నీరెండలో ఎరుపు ముదురుగా, లోతుగా ఉంటుంది.

షట్టర్ గురించి ఒక మాట. చాలా డిజిటల్ బ్యాక్‌లలో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరసవరసగా చదువుతుంది, దానికి సమయం పడుతుంది. గాలికి అరటాకు ఊగితే అది వంకరగా సాగి వస్తుంది. గాలి ఉంటే లెన్సులోని మెకానికల్ షట్టర్ వాడండి, లేదా గాలి ఆగేదాకా ఆగండి. ఈ లెన్సుల్లో ఉండే కోపాల్ కంపెనీ మెకానికల్ షట్టర్లు ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు. పాతది కొంటే ఒక సెకను వేగం దగ్గర పదిసార్లు నొక్కి చెవిపెట్టి వినండి. నత్తినత్తిగా నడిస్తే అది సర్వీసుకి పోవాల్సిందే.

పాలపలక ఫొటో మర్చిపోవద్దు

వైడ్ లెన్సును జరిపినప్పుడు కాంతి సెన్సర్ ఒక అంచుకి ఏటవాలుగా పడుతుంది. పిక్సెల్ గుంటలోకి పడాల్సిన వెలుగు పక్క పిక్సెల్‌లోకి జారుతుంది. ఫలితంగా ఒకవైపు ఆకుపచ్చ, ఇంకోవైపు గులాబీ ఛాయ. వెలుగు తగ్గడం అదనం. సిమెట్రికల్ 40 మి.మీ. లెన్సు ఇమేజ్ సర్కిల్ అంచున నడిమికన్నా రెండు స్టాపులకు పైగా చీకటిగా ఉంటుంది. కొత్త తరం 3.76 మైక్రాన్ల సెన్సర్లలో వైరింగ్ వెనుకకు పోయింది కాబట్టి రంగు జబ్బు చాలా తగ్గింది, చీకటి మాత్రం లెన్సుదే, అది పోదు.

మందు ఎల్‌సీసీ (లెన్స్ కాస్ట్ కాలిబ్రేషన్), అంటే ఆ ఛాయనీ చీకటినీ కొలిచి సరిచేయడం. అసలు ఫొటో తీయగానే, ఏదీ కదపకుండా, పాలరంగు అక్రిలిక్ పలకను లెన్సుకి ఆనించి మళ్లీ ఒక ఫొటో తీయండి. అదే ఎపర్చర్, అదే ఫోకస్, అదే రైజ్, అదే టిల్ట్. షట్టర్ వేగం ఒక్కటే తగ్గించండి. హిస్టోగ్రామ్ నడిమికి వచ్చేదాకా, సుమారు రెండు స్టాపులు ఎక్కువ వెలుగు కావాలి. పలక మీద మీ వేలి నీడ పడకూడదు, సూర్యుడు నేరుగా ఒక మూల తగలకూడదు. టోపీతో కాస్త నీడపట్టండి.

రైజ్ ఒక్క మిల్లీమీటరు మార్చినా కొత్త పాలపలక ఫొటో తీయాలి. ఇంటికొచ్చాక తీద్దాంలే అనుకుంటే సరిగ్గా అవే అంకెలు మళ్లీ పెట్టడం కుదరదు. వర్షం వస్తున్నా, పడవ వెళ్లిపోతున్నా ముందు ఇది తీసి తర్వాత పరుగెత్తండి.

పక్కకి జరిపి అతికించడం: బ్యారేజీ

1855లో పూర్తయిన ఆనకట్ట తర్వాత అక్కడే 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. ఆ గేట్ల వరస ఒక్క ఫ్రేమ్‌లో పడితే పుల్లల్లా కనపడుతుంది. కెమెరాను తిప్పుతూ పనోరమా తీస్తే తిన్నటి వరస విల్లులా వంగుతుంది. షిఫ్ట్‌తో తీస్తే వంగదు.

ముందు నడిమి ఫ్రేమ్ పెట్టి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ బిగించండి. తర్వాత 20 మి.మీ. ఎడమకి జరిపి ఒకటి, నడిమిన ఒకటి, 20 మి.మీ. కుడికి ఒకటి. ఒక్కోదానికీ పాలపలక ఫొటో, మొత్తం ఆరు. 90 మి.మీ. ఇమేజ్ సర్కిల్‌లో అంతకు మించి జరిపితే మూలలు నల్లబడతాయి. ఈ మూడూ అతికితే 84 మి.మీ. వెడల్పు సెన్సర్‌తో తీసినట్టే. 40 మి.మీ. లెన్సుతో అది 93 డిగ్రీలు, 22,000 పిక్సెళ్లకు పైగా వెడల్పు, మొత్తం 19.5 కోట్ల పిక్సెళ్లు.

జరిగేది వెనుక భాగమైతే దృక్కోణం మారదు, ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతాయి. జరిగేది లెన్సయితే అది కూడా 20 మి.మీ. పక్కకి పోయినట్టే. దూరపు గేట్లకి ఫర్వాలేదు, ఒడ్డున దగ్గరి రాళ్లు మాత్రం అతకవు. అలాంటి కెమెరా అయితే స్టాండు మీద ఒక చిన్న రైలు పట్టీ పెట్టి, లెన్సు ఎంత జరిగిందో కెమెరాను అంతే ఎదురు దిక్కుకి జరపండి.

పారే నీళ్లు మూడు ఫ్రేముల్లో మూడు రకాలుగా ఉంటాయి. గేట్లెత్తిన రోజుల్లో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల గాజు) వేసి ఒక్కోటి 30 సెకన్లు ఇస్తే నురగ పాలమీగడలా సమమవుతుంది, అతుకు కనపడదు. వరద ఉధృతంగా ఉన్నప్పుడు మెట్ల మీదికి దిగవద్దు. 2024 సెప్టెంబరు 2న ఇక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ నీటి ముందు ఏ ఫొటోకీ విలువ లేదు.

తేమ, వేడి

ఏసీ కారులోంచి దిగి నది ఒడ్డున సంచీ తెరిస్తే గాజుల మీద ఆవిరి పడుతుంది. లెన్సు బయట తుడవగలం, బ్యాక్‌కి లెన్సుకి మధ్య పడితే పొద్దు పొడిచి పోయేదాకా ఏమీ చేయలేం. ఒడ్డుకి అరగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించండి. ఎండాకాలం బ్యాక్ వేడెక్కితే నీడల్లో గరుకుదనం పెరుగుతుంది. ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య లైవ్ వ్యూ ఆపేసి, మీద తెల్ల తుండుగుడ్డ కప్పండి.

ఇంటికొచ్చాక

ముందు నోటుపుస్తకం. నా పేజీలో ఇలా ఉంటుంది: "కళ్లం. 40. ఎత్తు 1.5. ఫాల్ 10, టిల్ట్ 1.5, ఫోకస్ 20 మీ., ఎఫ్/11. తర్వాతి ఫ్రేమ్ పాలపలక." ఫొటోలో ఎక్కడ మెత్తబడిందో చూసి ఆ గీత పక్కనే రాస్తాను. మూడు నెలలకి మీ లెన్సు స్వభావం ఆ పుస్తకంలో ఉంటుంది.

క్యాప్చర్ వన్ సాఫ్ట్‌వేర్‌లో పాలపలక ఫొటో ఎంచుకుని ఎల్‌సీసీ తయారుచేసి, దాని ముందు ఫ్రేమ్‌కి వర్తింపజేయండి. రంగు, వెలుగు రెండింటికీ టిక్కు పెట్టండి, సెన్సర్ మీది దుమ్ముచుక్కలు కూడా అందులోనే పోతాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో అయితే ఫ్లాట్-ఫీల్డ్ కరెక్షన్. ఇది అయ్యాకే మిగతా సవరణలు, అతికింపు ఆ తర్వాత. అతికించాక ఎల్‌సీసీ వేయాలని చూస్తే కుదరదు.

పదును పెంచడం కొద్దిగానే. ఎరుపు సాచురేషన్ అసలు పెంచవద్దు. మిర్చికి అది అక్కర్లేదు. 22,000 పిక్సెళ్లను 300 డీపీఐకి వేస్తే ఆరడుగులకు పైగా ప్రింటు వస్తుంది. అంతా ఒకేసారి వేయించకుండా మూడు చోట్ల నుంచి, అతికించిన ఫొటో అయితే అతుకు దగ్గర కూడా, కళ్లం ఫొటో అయితే కింది అంచు, నడిమి, చెట్టు తల, ఒక్కో ఏ4 ముక్క అసలు సైజులో ప్రింటు తీయించి, పగటి వెలుగులో కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడండి. తాడి తల ముక్క మిగతా రెండింటికన్నా మెత్తగా ఉంటే ఫోకస్ 20 మీటర్ల దగ్గర కాకుండా ఇంకాస్త దగ్గరికి పెట్టి ఉండాల్సింది. కాయలు ఇంకో వారం కళ్లంలోనే ఉంటాయి.